ఫొటోలో మనిషికి జాగ విడిచిన మౌలాలి చాచా

గద్వాల పాత బస్టాండు దగ్గర దశాబ్దాల పాటు ఫొటో స్టూడియో నడిపిన మౌలాలి చాచా పోయిన నెల మమ్మల్ని విడిచి వెళ్లిపోయారు. ఆ వార్త అందే సమయానికి నేను వనపర్తిలో ఒక పెళ్లిలో కెమెరా పట్టుకొని మంటపం ముందు నిలబడి ఉన్నాను. ఫోను చేసింది ఆయన భార్య మహబూబ్ బీ, మాకందరికీ చాచీ. "చాచా పోయిండు బిడ్డా" అని ఒక్క మాట అని పెట్టేసింది. ఎదురుగా పురోహితుడు వధూవరులకు జీలకర్ర బెల్లం అందిస్తున్నాడు. కెమెరా దించి వెళ్లిపోదామనుకున్నాను. కానీ నాకు పని నేర్పిన చాచా గొంతే చెవిలో వినిపించింది. "ఆళ్లకు పెండ్లి ఒక్కపాలే అయితది. నీ ఏడ్పు జర ఆగుతది." ఈ మాట ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పారో. కన్నీళ్లు తుడుచుకుంటూనే తలంబ్రాల దాకా తీసి, మిగిలిన పని తోటివాళ్లకు అప్పగించి గద్వాల బస్సెక్కాను. చాచా ముఖం చివరిసారి చూడగలిగాను. ఆలస్యంగా వచ్చినందుకు ఆయనైతే కోప్పడేవారు కాదు.

ఆయనను ఎరుగని పాఠకుల కోసం ముందు ఆయన స్టూడియో గురించి చెప్పాలి. అప్పట్లో ప్రతి స్టూడియోలోనూ గోడకు ఒక పెద్ద పరదా వేలాడేది. దాని మీద చార్మినారో, తాజ్‌మహలో, బొంబాయి సముద్రపుటొడ్డు కమానో రంగులతో వేసి ఉండేది. దాని ముందు నిలబడి ఫొటో దిగితే ఆ ఊరు వెళ్లివచ్చినట్టే లెక్క. చాచా స్టూడియోకు వచ్చేవారిలో ఎక్కువమంది మన పాలమూరు కూలీలు. నగరాలకు వెళ్లి మేడలు కట్టి, పీర్ల పండక్కో దసరాకో ఇల్లు చేరేవాళ్లు. తమాషా ఏమిటంటే, వాళ్లు బొంబాయి నుంచి నేరుగా గద్వాలలో దిగి, మరుసటి రోజే చాచా దగ్గరికొచ్చి బొంబాయి పరదా ముందు ఫొటో దిగేవారు.

ఒకసారి ఒక మేస్త్రీని చాచా అడిగారట. "అరె, నువ్వు బొంబాయిలనే ఉంటవు గద. గాడనే దిగకపోయినవా?"

"ఆడ ఉన్నన్ని దినాలు సిమెంటు బట్టలే చాచా. గా కమాను కాడికి పోనీకె పురుసత్ ఏడిది? పోయినా కాపలాయన కసురుకుంటడు. పండక్కు కొత్త బట్టలు తొడిగినం, గిప్పుడు దిగుతం" అన్నాడట అతను.

ఈ జవాబు చాచా మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఆ పరదాలు వేసిన పెయింటర్ మంచి పనివాడే కానీ, కర్నూలు దాటి ఎరుగడు. చార్మినార్ పక్కన కొబ్బరి చెట్లు వేశాడు. "ఊర్లను కట్టి వచ్చినోళ్లను అబద్ధం బొమ్మ ముందల నిలవెడుతున్న, గిది తప్పు గాదా?" అని చాచీతో అన్నారట. తానే ఆ నగరాలకు వెళ్లి, అసలు కట్టడాలను ఫొటో తీసి, వాటినే పరదాలుగా అచ్చు వేయించాలని నిర్ణయించుకున్నారు. స్టూడియో ఎక్కువ రోజులు మూస్తే కుదరదు కాబట్టి అన్నీ రెండు రోజుల ప్రయాణాలే. చాచీ రొట్టెలు, పచ్చడి కట్టుకొని వెంట వెళ్లేది. అది కూడా పండగ రోజులే చూసుకొని వెళ్లేవారు. ఎందుకని అడిగితే ఆయన చెప్పే కారణం నాకు ఇప్పటికీ ముద్దొస్తుంది. "మనం కొత్త బట్టలల్ల దిగుతం. మరి ఊరు గూడ కొత్త బట్టలల్ల దిగాలె గద!"

మొట్టమొదట వెళ్లింది హైదరాబాదుకు, రంజాన్ రోజుల్లో. దీపాల వరసలు, గాజుల దుకాణాలు, ఇసుక వేస్తే రాలనంత జనం, వాళ్ల నడుమ చార్మినార్. అద్భుతమైన ఫొటో. దాన్ని పరదాగా చేయించి ఎంతో మురిసిపోతూ గోడకు కట్టారు. ఆత్మకూరు నుంచి ఒక జంట వచ్చి దాని ముందు దిగి వెళ్లారు. వారం తర్వాత ఫొటో తీసుకోవడానికి భర్తతో కలిసి వచ్చిన ఇల్లాలు దాన్ని చూసి అగ్గిమీద గుగ్గిలమైంది.

"గీమె ఎవరు?"

"గామె పరదాల ఉన్న మనిషి చెల్లీ. గాజులు కొననీకె వచ్చినామె" అన్నారు చాచా.

"పరదాల ఉంటేంది? మా ఆయన బుజానికి బుజం ఆనిచ్చి నిలవడ్డది. నేను ఇటుదిక్కు, ఆమె అటుదిక్కు! రేపు మా అత్తగారి ఊరోళ్లు ఈమె ఎవరే అంటే ఏమని చెప్పాలె?"

భర్త సర్దిచెప్పబోయాడు. "నేను ఆమె దిక్కు చూసిన్నా ఏంది? నేను కెమెరా దిక్కే చూస్తున్న" అన్నాడు. దాంతో కథ ఇంకా ముదిరింది. చివరికి ఆమె భర్త చెయ్యి పట్టుకొని, కొబ్బరి చెట్లున్న పాత పరదా ముందు నిలబెట్టి మళ్లీ దిగితే గాని శాంతించలేదు. ఈ ముచ్చట చాచా ఎన్ని వందల సార్లు చెప్పినా పొట్ట పట్టుకొని నవ్వేవారు. నవ్వు ఆగాక మాత్రం, "గా చెల్లె నా ఉస్తాద్. ఫొటోల మనిషికి జాగ ఉండాలెనని ఆమెనే నేర్పింది" అనేవారు.

ఆ తర్వాత ఆయన తీసిన ఏ ఫొటో చూసినా, కట్టడం ముందు, నడిమధ్యన, ఇద్దరు మనుషులు నిలబడేంత చోటు ఖాళీగా ఉంటుంది. వెనక ఎంత జనమున్నా ఆ చోటులో ఎవరూ ఉండరు. ఒకసారి స్నేహితులు బలవంతం చేసి ఆయన ఫొటోలను హైదరాబాదులో ఒక పోటీకి పంపించారు. అక్కడి న్యాయనిర్ణేత మర్యాదగానే, "ముందు భాగం వట్టిగా ఉందండీ, కన్ను నిలవడం లేదు" అన్నారట. చాచా నొచ్చుకోలేదు. "నిజమే సార్. గది మా ఊరోళ్ల జాగ. ఆళ్లు ఇంక రాలేదు" అని చెప్పి, ఆయనతో చాయ్ తాగి వచ్చారు. బహుమతి రాలేదని మేము మొహం వేలాడేస్తే, "ఆయన చెప్పింది నిజమే. వట్టిగ చూస్తే గవి సగం ఫొటోలే" అన్నారు.

పండగ జనంలో అంత చోటు ఎలా సంపాదించేవారని మీరు అడగొచ్చు. మన బస్సుల్లో సీటు పట్టే పద్ధతి అందరికీ తెలిసిందే. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి దస్తీ, అంటే చేతిరుమాలు, వేస్తాం. దస్తీ పడిన సీటు జోలికి ఎవరూ పోరు. చాచా సరిగ్గా అదే పద్ధతిని నగరాలకు తీసుకెళ్లారు. జనం నడుస్తున్న దారిలో, తనకు కావలసిన చోట దస్తీ పరిచి పక్కకు వచ్చి నిలబడేవారు. భాష ఏదైనా, ఊరు ఏదైనా, నేల మీద శుభ్రంగా పరిచిన గుడ్డను తొక్కడానికి మనిషికి మనసొప్పదు. జనం దాని చుట్టూ తిరిగి పోయేవారు. సరైన ఘడియ రాగానే చాచా దస్తీ లాగేసి, గబగబా వెనక్కి వచ్చి, ఆ చోటులోకి ఎవరూ రాకముందే బటన్ నొక్కేవారు. ఈ విద్యను నేను కళ్లారా చూశాను.

తుంగభద్ర వరద వచ్చిన ఏడు మా రాజోలి, అలంపూర్ వైపు ఇళ్లన్నీ మునిగాయి. నీళ్లు తీశాక బురదలోంచి జనం బయటికి తీసిన వాటిలో తడిసి ముద్దయిన ఫొటోలెన్నో. చాచా తన దగ్గర దాచిన నెగటివ్‌లన్నీ ముందేసుకొని, వచ్చినవాళ్లందరికీ మళ్లీ ఫొటోలు వేసిచ్చారు. రేకుల షెడ్డులో తల దాచుకుంటున్న ఒక ముసలామె, "మా ఆయన చార్మినార్ కాడ దిగింది ఉండె చాచా, అదొక్కటి ఇయ్యి" అని అడగడం నేను విన్నాను. ఆమె భర్త జన్మలో చార్మినార్ చూసినవాడు కాదు. చాచా ఆ మాట అనలేదు. "అవునవ్వా, చార్మినార్ కాడ మంచిగ పడ్డడు" అని వెతికి చేతిలో పెట్టారు.

ఇక నా సంగతి. నేను ఈ రోజు నా కాళ్ల మీద నేను నిలబడి అన్నం తింటున్నానంటే దానికి కారణం ఆయన. మా నాయన బాలప్ప రాజోలిలో వ్యవసాయం చేసేవాడు. ఇంటర్ చదవడానికి గద్వాల వచ్చిన నేను, పరీక్ష దరఖాస్తు కోసం ఫొటో దిగడానికి చాచా స్టూడియోకు వెళ్లాను. స్టూడియో వెనక ఫొటోలు కడిగే చీకటి గదిలో తెల్లకాగితం మీద నా ముఖం మెల్లమెల్లగా తేలి రావడం చాచా చూపించారు. ఆ రోజే ఈ పని నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను. ఇంట్లో చెబితే మా నాయన ఒంటికాలి మీద లేచాడు. ఆడపిల్ల కెమెరా మెడకేసుకొని పెళ్లిళ్లలో మగవాళ్ల మధ్య తిరగడమేమిటని ఆయన బాధ. కుట్టు మిషన్ కొనిస్తాను, ఇంట్లో కూర్చొని కుట్టుకొమ్మన్నాడు. నేను రెండు రోజులు అన్నం ముట్టకపోయేసరికి నన్ను వెంటబెట్టుకొని నేరుగా స్టూడియోకే వచ్చాడు.

"మౌలాలన్నా, నా బిడ్డకు గీ పిచ్చి నువ్వే ఎక్కిచ్చినవు. నువ్వే దించాలె" అన్నాడు.

"దించుడు నాతోని గాదు బాలప్పా. ఒక్క పని చేద్దాం. దసరాకు నేను, మీ వదినె మైసూరు పోతున్నం. రెండు దినాలే. పిల్లను తోల్కపోతం. పరదాకు పనికొచ్చే ఫొటో ఒక్కటి తీస్తే నేర్చుకుంటది. తియ్యకపోతే నేనే చెప్త, బిడ్డా, మిషన్ కాడ కూసో అని" అన్నారు చాచా.

మా నాయన లోపలి గడప దగ్గర నిలబడ్డ చాచీ వైపు చూసి, "వదినె ఎంట ఉంటదంటే పంపుత. గాని ఒక్కటే మాట. ఫొటో సరిగ రాకుంటే మల్ల గీ ముచ్చట ఎత్తొద్దు" అన్నాడు. నా బతుకు ఏ దారి పట్టాలో ఆ ప్రయాణమే తేల్చబోతోందని నాకు తెలుసు. చాచా తన రెండో కెమెరా, ఒక రీలు నా చేతిలో పెట్టారు.

మైసూరు చేరిన మధ్యాహ్నం నుంచే నేను ఆగమాగంగా ఫొటోలు తీశాను. ఏనుగులు కనబడితే ఏనుగులు, పూలు కనబడితే పూలు. చాచా పక్కనే నడిచారు. సాయంత్రం రాజభవనం ముందుకు చేరేసరికి రీలులో మిగిలింది ఒకటో రెండో. అప్పుడు నిమ్మళంగా అడిగారు. "ఇప్పటిదాంక తీసినయి అన్నీ నీ కోసం తీసినవు. మనోళ్లు యాడ నిలవడాలె బిడ్డా?" నాకు ఏడుపొచ్చింది. చాచీ నా నోట్లో రొట్టె ముక్క పెట్టి, "ఏడ్వకు, ఇంక దీపాలు పెట్టలే గద" అన్నది.

చాచా నడిమధ్యన చోటు చూసి దస్తీ పరిచారు. గద్వాలకు కన్నడ సీమ పక్కనే కాబట్టి ఆయనకు ఆ భాష కొంచెం వచ్చు. "స్వల్ప జాగ బిడి" అని, కాస్త చోటు విడవమని వచ్చేపోయేవాళ్లను బతిమాలారు. ఒక పెద్దాయన ఆగి, "యారు బర్తారె?" అని అడిగాడు, ఎవరొస్తున్నారని. "నమ్మ ఊరినవరు" అన్నారు చాచా, మా ఊరివాళ్లని. ఆ పెద్దాయన తలూపి, తన కుటుంబాన్ని కూడా పక్కకు జరిపాడు. లైట్లు వెలిగే వేళకు దస్తీ తీసేస్తానని, తీయగానే బటన్ నొక్కమని చాచా నాకు చెప్పారు. ఆయన దస్తీ దగ్గరికి వెళ్లి వంగబోయారు. సరిగ్గా అదే క్షణాన రాజభవనమంతా ఒక్కసారిగా వెలిగింది. అంతకు ముందు ఎన్నో దసరాలు చూసిన ఆ మనిషి, మొదటిసారి చూస్తున్నట్టు నోరు తెరుచుకొని, పైకి చూస్తూ అలాగే వెనక్కి నడిచి వచ్చేశారు. నేను బటన్ నొక్కాను. రీలు అయిపోయింది. దస్తీ అక్కడే ఉంది.

"యా అల్లా, గుడ్డ మరిచిన" అని చాచా తల పట్టుకున్నారు. తిరుగు రైలులో ఆయన ముఖం చూడలేకపోయాను. నా కంటే ఎక్కువ ఆయనే పరేషాన్ అయ్యారు. చాచీ మాత్రం ఇద్దరినీ తిట్టింది. "ముసలోనికి లైట్లు చూస్తే మతి పోతది, నీకన్న గుర్తుండొద్దా?" అని నన్నూ, మతిలేని మనిషని ఆయననూ తిడుతూ రొట్టెలు పంచింది.

గద్వాలలో రీలు కడిగి చూశాక పరదాకు పనికొచ్చేది అదొక్కటేనని తేలింది. బంగారు రంగులో వెలిగే భవనం, రెండు పక్కలా జనం, నడుమ ఖాళీ చోటు, అందులో తెల్ల దస్తీ. చాచా దాన్ని అలాగే అచ్చు వేయించి కట్టారు. పరదా అంచు నేల మీదికి పరుచుకొని ఉంటుంది కదా, దస్తీ బొమ్మ సరిగ్గా అక్కడే పడింది. తీర్పు చెప్పడానికి మా నాయన వచ్చిన రోజు పీర్ల పండగ. స్టూడియో నిండా జనం. మామూలుగా అయితే చాచా ఒక్కొక్కరినీ భుజం పట్టి, "జర ఇటు, జర అటు" అని జరపాల్సి వచ్చేది. ఆ రోజు మొదట వచ్చిన ముసలి దంపతులు, ఎవరూ చెప్పకుండానే, చెప్పులు విడిచి నేరుగా వెళ్లి ఆ దస్తీ మీద నిలబడ్డారు. తమ కోసమే ఎవరో సీటు పట్టి పెట్టినట్టు అంత ధీమాగా నిలబడ్డారు. తర్వాత వచ్చినవాళ్లూ అంతే. వాళ్లు నిలబడితే దస్తీ కనబడేది కాదు, ఫొటో నిండుగా ఉండేది.

మా నాయన తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు.

"గా దస్తీ మరిచిన్రు గద అన్నా?" అన్నాడు చివరికి.

"అవ్ బాలప్పా, మరిచినం" అని చాచా ఒప్పుకున్నారు.

మా నాయన ఇంకొక జంట దిగేదాకా చూసి, తువ్వాలు భుజాన వేసుకొని, "పిల్ల పొద్దున ఎన్నింటికి రావాలె పనికి?" అని అడిగాడు. చాచీ లోపలి నుంచి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. ఆ పరదా చిరిగిపోయేదాకా గద్వాలలో అంతగా నడిచిన పరదా ఇంకొకటి లేదు.

నాకు సొంత స్టూడియో పెట్టుకునే ధైర్యం వచ్చాక వనపర్తికి పంపించింది కూడా ఆయనే. అప్పటికే ఫోన్లు వచ్చి పరదాల కాలం వెళ్లిపోతోంది. ఆయనకు బెంగగా ఉందేమోనని ఒకసారి చూడటానికి వెళ్లాను. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన ఒక యువకుడు, బొంబాయి కమాను ముందు తానే ఫోనులో తీసుకున్న ఫొటో చాచాకు చూపిస్తున్నాడు. ఆ ఫొటోలో అతని బట్టల మీద సిమెంటు మరకలు అలాగే ఉన్నాయి. చాచా కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ మళ్లీ చూశారు. "పని బట్టలల్లనే దిగినవా? కాపలాయన ఏమన్లేదా?" అని అడిగారు. "ఏమంటడు చాచా, మేం కట్టిన ఊరే గద" అన్నాడతను. ఆ రోజు చాచా అందరికీ చాయ్ తాగించారు. తన బేరం పోయినందుకు అంతగా సంతోషించిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

చివరి నెలల్లో ఊపిరి అందక దవాఖానలోనే ఎక్కువ రోజులు గడిపారు. నేను వెళ్తే జబ్బు సంగతి ఎత్తనిచ్చేవారు కాదు. ఏ ఊరు పోయి వచ్చావు, ఏ పండగ చూశావు, ఫొటోలు చూపించు అనేవారు. చూసినంతసేపు చూసి, నా తల మీద చెయ్యి పెట్టేవారు.

ఆయన పోయిన మూడో నాటి ఫాతెహా ప్రార్థనకు మా నాయన రాజోలి నుంచి వచ్చాడు. ఇప్పుడు ఆయనకు మోకాళ్లు సహకరించవు. చాచీ ఎదురుగా కూర్చొని, చేతులు జోడించి లేచాడు. ఆయనను బస్సెక్కించడానికి నేను వెంట నడిచాను. దారిలో ఉన్నట్టుండి అడిగాడు.

"మైసూరు దసరా ఎప్పుడు బిడ్డా?"

"ఇంక దినాలున్నయి నాయినా. ఎందుకు?"

"ఈపాలి పోతవా?"

"పోత. ఎంట ఎవరు లేకున్నా ఇన్నేండ్ల సంది పోతనే ఉన్న గద" అన్నాను. మళ్లీ వద్దంటాడేమోనని, ఇంత వయసు వచ్చాక కూడా, నా గొంతు కాస్త గట్టిపడింది.

మా నాయన ఆగి, రోడ్డు పక్క గోడను పట్టుకొని నిలబడ్డాడు. "నువ్వు పోతవని నాకెరుకనే. నన్ను తోల్కపోతవా అని అడుగుతున్న. నువ్వు ఫొటో తీస్తుంటే నేను ఒక్కపాలి గూడ చూడలే."

బస్సు వచ్చింది, ఆయన ఎక్కాడు. నేను అక్కడే నిలబడి ఫోను తీసి చాచా పేరు దాకా వెళ్లాను. ఇన్నేళ్లుగా ఏ మంచి జరిగినా మొదట చెప్పుకున్నది ఆయనకే. ఈ మాట వింటే నా కంటే ఎక్కువ పొంగిపోయి, స్టూడియో అంతా వినబడేలా చాచీని కేకేసేవారు. నా అన్నానికి, నా ధైర్యానికి, ఇప్పుడు మా నాయన అడిగిన ఆ మాటకు కూడా నేను మౌలాలి చాచాకు రుణపడి ఉన్నాను. ఆయనకు నా సలాం. దసరాకు మా నాయనను మైసూరు తీసుకెళ్తున్నాను చాచా. నీకు చెప్పకుండా వెళ్లడం ఇదే మొదటిసారి.